సణుగుడు తగ్గించొద్దట

ఏవండీ, మీరు లేచేసరికి నేను టైలరింగ్ షాపులో ఉంటాను. చెవి మిషన్లు డబ్బాలోనే ఉన్నాయి. ఎర్ర చుక్కది కుడి చెవికి, నీలం చుక్కది ఎడమ చెవికి. నిన్నటిలా తారుమారుగా పెట్టుకుని, ఇచ్చినావిణ్ణి ఆడిపోసుకోకండి. రెండు చెవులకీ విడివిడిగా పరీక్ష చేసి, దేనికి తగ్గట్టు దాన్ని అమర్చింది పాపం. కీచుమంటే చెవిలో సరిగ్గా కూర్చోలేదని అర్థం, తీసి మళ్లీ పెట్టుకోండి. అంతేగానీ మీ పట్టకారు తీయకండి. ముప్పై ఏళ్లు గడియారాలు బాగుచేశారు, కాదనను. ఇది గడియారం కాదు. ఇవాళ్టికి మూడు గంటలు చాలు, అలవాటయ్యే కొద్దీ పెంచుకోవచ్చట. స్నానానికి వెళ్లేముందు మాత్రం తీసేయండి.

మూడేళ్లపాటు "నాకు బానే వినపడుతోంది, నువ్వే నోట్లో గొణుగుతావు" అని తప్పంతా నా మీదకే తోశారు. నేను అరిచే అరుపులకి పక్కింటావిడ మనకి రోజూ గొడవలే అనుకుంది. పోనీలెండి.

ఏ చప్పుడు ఎలా ఉందో రాసుకు రమ్మన్న కాగితం బల్ల మీద వదిలేశారు. మళ్లీ వెళ్లినప్పుడు అది చూసే సరిచేస్తారు, పారేయకండి.

ఆ కాగితం ఇప్పుడే చదివాను. "కుళాయి: మరీ ఎక్కువ. పేపరు తిప్పితే రేకుల చప్పుడు. వంటింట్లో ఆవిడ సణుగుడు: సరిగ్గా ఉంది, తగ్గించొద్దు." మీకు వినపడదులే అన్న ధీమాతో ఇన్నాళ్లూ మీ వెనకాల నిలబడి ఎన్నెన్ని అన్నానో! ఇకమీదట ఎదురుగా వచ్చే అంటాను.