నీకని కొన్న లావు ల్యాప్‌టాప్

పుణె,
ఆదివారం

అక్కా,

నీ తమ్ముడు శీను దణ్ణాలు పెట్టి రాస్తున్నాడు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నర్సీపట్నంలో నువ్వూ బావగారూ, ఏటికొప్పాకలో నాన్నా ఒంట్లో బాగుండి మీ మీ పనుల్లో ఉన్నారనుకుంటున్నాను. నాన్నకి నడుం నొప్పి తగ్గిందా? బొమ్మలు తిప్పే లేత్ దగ్గర అంతసేపు కూర్చోవద్దని నువ్వే చెప్పు. నేను చెబితే వినడు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో అయితే నేను సగం చెప్పకముందే నువ్వు "పోన్లేరా" అనేస్తావు. ఈ వారంలో మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ నువ్వు అన్నం తిన్నావా అని అడగడం, నేను హమ్మయ్య అనుకుని కూర సంగతి చెప్పడం. అందుకే కాగితం తీసుకున్నాను.

ఇక్కడ వాన పట్టుకుంటే వదలడం లేదు. ఉతికిన చొక్కా మూడు రోజులకి కూడా ఆరదు. మోటారు సామాన్ల గోడౌన్‌లో ఏ పెట్టె ఎటు పోవాలో కంప్యూటర్‌లో ఎక్కించడమే నా పని, అది అలవాటైపోయింది. మెస్సులో రెండు పూటలా చపాతీలే, కూరలో బెల్లం వేస్తారు. ఆదివారాలు అన్నం వండుకుని నువ్విచ్చిన ఆవకాయ కలుపుకుంటాను. అడుగు కనబడుతోంది, వీలైతే ఇంకాస్త పంపు. గదిలో ఇద్దరూ మంచివాళ్ళే. వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకి రాదు. దిగులు పడకు, నిజంగా బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. "నాకేటి తెలుసురా, నువ్వు కంప్యూటర్ మీద పన్జేస్తన్నావు కదా, బొమ్మలు గీసుకోడానికి ఏది మంచిదో నువ్వే సూడు" అన్నావు. దుకాణానికెళ్ళి రెండు ల్యాప్‌టాప్‌లు తీసుకున్నాను, నీకొకటి, నాకొకటి. పైన రెండింటికీ ఇంచుమించు ఒకేలాంటి స్టిక్కరు. లోపల ప్రాసెసర్లు వేరు. సన్నదాంట్లోది కరెంటు తక్కువ తాగే రకం, ఆఫీసు పనికీ సినిమాలకీ చాలు. లావుదాంట్లో కోర్లు ఎక్కువ, అంటే ఒకేసారి పనిచేసే చేతులు ఎక్కువనుకో. గ్రాఫిక్స్ చిప్ విడిగా ఉంది, వేడి తోసెయ్యడానికి పెద్ద ఫ్యాన్లున్నాయి. గేములకైనా, నువ్వు గీసే త్రీడీ బొమ్మలకైనా అదే కావాలి. నీకని కొన్నది లావుదే అక్కా.

పంపే ముందు ఎలా ఉందో చూద్దామని దాంట్లో గేమ్ పెట్టాను. హెడ్‌ఫోన్లో నలుగురు కుర్రాళ్ళు తెలుగులో తిట్టుకుంటూ ఆడుతున్నారు. ఎవరో, ఏ ఊరో తెలీదు. ఈ ఊరొచ్చాక ఎదురుగా నాతో తెలుగు మాట్లాడినవాళ్ళు లేరు. ఒక్క ఆదివారం అనుకున్నది వారమైంది. సన్నదాంట్లో అదే గేమ్ ఆగి ఆగి నడిచింది. అక్క గీసేది బొమ్మలే కదా, సరిపోతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని సన్నది నీకు పంపేశాను. పైగా "తేలిగ్గా ఉంటుందక్కా, ఏటికొప్పాక బస్సులో మోసుకెళ్ళొచ్చు" అన్నాను. "నా సంచీ బరువు కూడా ఆలోసించేడు" అని బావగారికి చెప్పావట. ఆ మాట విన్న రోజు నాకు ముద్ద దిగలేదు. అయినా లావుది పంపలేదు చూడు, అదీ నేను.

తర్వాత నువ్వు "ఇది పెనంలా కాల్తందిరా, బాగా పన్జేస్తన్నట్టుంది" అన్నావు. లేత్ మీద తిరిగే కర్రకి వేడి పుడితేనే లక్క కరిగి పట్టుకుంటుంది కదా, నీ లెక్కలో వేడెక్కడమంటే పని సాగడమే. అది చేతకాక ఆయాసపడుతోందని నాకు తెలుసు. తెలిసీ "అవునక్కా" అన్నాను.

మొన్న బుధవారం నువ్వేమన్నావో గుర్తుందా? "బొమ్మ తిప్పితే ఆగి ఆగి తిరుగుతాది. నా సేతిలోనే ఏదో తప్పుందిరా. విశాపట్నం కొట్టోలకి రాదని సెప్పేసి మళ్ళీ లక్క పట్టుకు కూకుంటాను." బొమ్మ ముందు కంప్యూటర్‌లో గీసి చూపిస్తేనే ఆర్డరిస్తామన్న ఆ కొట్టువాళ్ళు గడువిచ్చింది ఈ నెలాఖరు వరకే. మన ఇంట్లో బొమ్మని ముందు గీసి చూపించగలిగేది నువ్వొక్కదానివే. నీ చేతిలో ఏ తప్పూ లేదక్కా. తప్పు నాది.

ఎక్కడ పొరపాటో చూడమని పంపావు కదా చెరకు బండి ఫైలు, ఆ రోజే లావుదాంట్లో తెరిచాను. మౌస్ కదపగానే బండి గుండ్రంగా, ఎక్కడా ఆగకుండా తిరిగింది. చక్రాల ఆకులు, చెరకు గడల కణుపులు అన్నీ కనిపించాయి. తోలేవాడి చెవులు చూసి నవ్వొచ్చింది, అవి నావే. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళు కూర్చుని నువ్వు గీసిన బొమ్మ సాఫీగా తిరగడం నువ్వింకా చూడలేదు. నేను చూశాను, నీకని కొన్నదాంట్లో.

నాన్న కొత్త ఉలి తెస్తే ముందు ఎవరికిచ్చేవాడు? నేను మగపిల్లాడినని ఎంత గోల చేసినా నీకే. "సన్నపని సేసే సేతికే కొత్తది. నువ్వు మొద్దు గీకుతావు, నీకు పాతది సాలు" అనేవాడు. ఆ మాట విని పెరిగి ఈ పని చేశాను. నాన్నకి చెప్పాలనుకుంటే చెప్పు, దాచమని అడగను.

లావుది ఈ పెట్టెలో ఉంది, ఉత్తరం దాని మీద పెట్టాను. గేములన్నీ తీసేశాను. ఆ కుర్రాళ్ళకి కొన్నాళ్ళు రానని చెప్పేశాను. సన్నది నాకు పంపెయ్. లావుది బరువుగా ఉందని విసుక్కోకు, బస్సులో ఒళ్ళో పెట్టుకో. సాయంత్రాలు ఇదివరకటి కంటే ఎక్కువసేపు ఫోన్ చేస్తాను, విసుక్కోకుండా మాట్లాడు.

బావగారికి, నాన్నకి నా దణ్ణాలు. నీ దీవెన అడగడానికి ఈసారి నాకు మొహం లేదు. ముందు బండి తిప్పి చూసుకో. చూశాక నన్ను తిట్టు. పోన్లేరా అని మాత్రం అనకు.

నీ తమ్ముడు
శీను