ఎడమ పక్క స్పీకర్

వుకోమన్,

ఇంటిని కాచే పునీతుడి పండక్కి మనవాళ్ళు ఎవరినీ పిలవరు, వచ్చేవాళ్ళే వస్తారు. నా పెళ్ళిలో సాక్షిగా నిలబడ్డ మనిషివి, నిన్ను పిలుస్తూ ఉత్తరం రాయాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది.

పోయిన పండగనాడు, నువ్వు బిగించిన స్పీకర్ల ముందు కూర్చుని, అందరూ వింటుండగా, "ఎడమది పలకట్లేదు. రెండు తీగలు తగిలించడం కూడా చేతకాదురా నీకు?" అన్నాను. పండగ రొట్టె కోయకముందే లేచి వెళ్ళిపోయావు.

నిన్న ఆ తీగలు నేనే అటూ ఇటూ మార్చి చూశాను. అయినా ఎడమ పక్కే నీరసంగా వినపడింది. కుర్చీ తిప్పి, స్పీకర్లకి వీపు పెట్టి కూర్చున్నాను. అప్పటిదాకా బాగా పలికిన స్పీకరే ఈసారి నా ఎడమ పక్కకొచ్చి మూగబోయింది.

నా చెవి సంగతి మా ఆవిడ దెసంకకి ఇంకా చెప్పలేదు. నువ్వు మాత్రం రా. నా కుడి పక్కన కూర్చుని తిట్టు. ఒక్క మాట కూడా పోకూడదు.