ఆగ్నేయ మూల

బరంపురం,
జనవరి 20, 1931.

ప్రియమైన మీకు,

ఈ ఉదయం నేను లేచేసరికి పాలు చెంబులో సగం, చెంబు పక్కన సగం ఉన్నాయి. పిల్లి పని అంది అత్తయ్య. మన ఇంట్లో పిల్లి లేదు. నేను తుడిచేశాను.

మీరు మద్రాసు నుంచి పంపిన కొత్త ఇంటి ప్లాను అందింది. మీకు నచ్చిన గోపాల్‌పూర్ బంగళాను తలుచుకుని గీశానన్నారు కదా, నిన్న అన్నయ్యతో వెళ్ళి చూసి వచ్చాను. దొరలు ఖాళీ చేసి వెళ్ళారట. కాపలా ఉన్న కాసమ్మ తలుపులు తీసింది.

మీ ఎంపిక గొప్పది. మనిషి ఎత్తును మించిన కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయి. సముద్రపు గాలి ఒకదానిలోంచి వచ్చి గది దాటి రెండోదానిలోంచి వెళ్ళిపోతుంది. రెక్కల తలుపులు సగం మూస్తే ఎర్రటి నేల మీద వెలుగు చారలుగా పడుతుంది. గోడలకు తెల్ల సున్నం తప్ప ఏమీ లేదు. అందుకే మిగిలిపోయిన ఒక్క పేము కుర్చీ కూడా అందంగా కనిపించింది. ఒక కిటికీ గూటిలో కూర్చుని చదువుకోవడానికి అరుగు ఉంది. కాసేపు కూర్చున్నాను. అన్నయ్య పిలిచేదాకా లేవలేదు. ఇవన్నీ మన ఇంటికి కావాలి.

వంటశాల మాత్రం అలా వద్దు. అక్కడ అది పెరటి చివర ఉంది, మీ ప్లానులోలాగే. "గిన్నెలట్టుకుని ఎండనకా వాననకా పరిగెత్తీవోరమ్మా. ముందు కాకులు తినీవి, తరవాత దొర తినీవోడు," అని కాసమ్మ నవ్వింది. ఆ ఇంట్లో వండినవారు వేరు, తిన్నవారు వేరు. మన ఇంట్లో వండేది అత్తయ్య, నేను. మీ ప్లాను చూపిస్తే ఆవిడ, "ఏటే, నీ మొగుడు నన్ను ఇంటి బయటెట్టీసినాడా?" అని నవ్వింది. తరువాత కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టేసింది.

అందుకని ఇంకో ప్లాను గీసి దీనితో పంపుతున్నాను. కాన్వెంటులో నేర్చుకున్న డ్రాయింగు ఇన్నాళ్ళకు పనికొచ్చింది. వంటిల్లు ఇంటిలోపలే, ఆగ్నేయ మూలన ఉంటుంది. పైన ఇటుకల పొగగొట్టం. శివరాత్రి వెళ్ళగానే మేస్త్రీ సూరయ్య పునాదులు తీస్తాడు. మీ ఎదుట ఇంత మాట్లాడలేనని మీకు తెలుసు. రాయగలను.

మీ
వాసవీకుమారి


బరంపురం,
ఫిబ్రవరి 20, 1931.

ప్రియమైన మీకు,

మీ జవాబు చదివాను. "మసి గోడల మధ్య పెరిగాను. ఈ ఇంటికి స్నేహితులను సిగ్గుపడకుండా పిలవాలి. నా ప్లానే కట్టించు," అని రాశారు. ఆ మసిని నేను తేలిగ్గా తీసుకోలేదు. మీ చిన్నప్పటి వంటింటికి పొగగొట్టం లేదు. దీనికి ఉంటుంది.

ఈ ఉదయం సూరయ్య రెండు కాగితాలూ, మీ ప్లానూ నేను దాచుకున్న నా ప్లాను నకలూ, పట్టుకుని వచ్చాడు. "ఏ కాయితం సూసి తవ్వమంతారమ్మా? బాబుదా, మీదా?"

తలుపు చాటు నుంచి కాదు, వాకిట్లోకి వచ్చి, "నాదే," అన్నాను.

"బాబొచ్చి కేకలేస్తే?"

"నా మీదే వేస్తారు. నువ్వు తవ్వు."

మధ్యాహ్నానికి ఆగ్నేయ మూల పునాది తవ్వడం పూర్తయింది. మీ హాలును అంగుళం కూడా కదపలేదు. కిటికీలు మీరు గీసినట్టే వస్తాయి, చదువుకునే అరుగుతో సహా. మొదటి ఏడాది హాలులో ఒక్కరోజు పొగ కనిపించినా ఆ వంటిల్లు నేనే పడగొట్టిస్తాను. కనిపించదు.

ఇది మీకు చెప్పొద్దని అత్తయ్య నా చేత మాట తీసుకుంది. ఆ మాట తప్పుతున్నాను. ఆ రోజు పాలు ఒలకబోసింది పిల్లి కాదు. చీకటి పడితే ఆవిడకు కళ్ళు కనిపించవు.

మీ
వాసవీకుమారి