ఏజెంటుకు కథ చెప్పి వచ్చిన

యమునా బిడ్డా, మేం బాగనే ఉన్నం.

సినిమాలోళ్లకు కథలు అమ్మిపెట్టే ఏజెంటు మన కథ చదువుతడని రాసినవ్. చదవడు, వింటడు. నా మొదటి సినిమా స్క్రీన్‌ప్లే పట్టుకొని తుర్కయాంజాల్‌ల ఆయన ఆఫీసుకు పోయిన. కాగితాలు పక్కకు పెట్టి, "జర నోటితోని చెప్పమ్మా" అన్నడు. చెరువు కట్ట తెగే సీన్ కాడికి వచ్చేసరికి ఫోన్ చూసుకుంట కూసున్నడు. ఇన్నేండ్లు బడిల పాఠాలు చెప్పిన నోరు ఊకుంటదా? "ఇప్పటిదాంక నేనేం చెప్పిన్నో చెప్పు నాయనా" అన్న. పాపం, లేచి నిలబడ్డడు! తర్వాత, "కథ మస్తుందమ్మా, ఫోన్ చేస్త" అన్నడు. చెయ్యడు. మూడేండ్లు కూసొని రాసిన కథ, ఒక్క ప్రశ్నతోని చెడగొట్టుకున్న. యాష్టకొచ్చింది బిడ్డా, ఇగ నేను ఎవ్వరికీ చెప్ప.

తాతకు మోకాళ్ల నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. నీ జ్వరం పోయిందా? హాస్టల్‌ల అన్నం మంచిగ పెడుతున్నరా?

బడంగ్‌పేట్‌ల ఇంకో ఏజెంటమ్మ ఉన్నదన్నవ్ కదా, ఆమెకు నువ్వే చెప్పు. నీకు ఓపిక ఉన్నది. సల్లగ ఉండు.

శనివారం వచ్చేటప్పుడు తుర్కయాంజాల్‌ల దిగు. మందుల దుకాణం మీదనే ఆయన ఆఫీసు. నా కాగితాలు ఆడనే ఉండిపోయినయ్, అడిగి తీస్కో. కథ ఎట్లున్నదని మాత్రం అడగకు.

మీ నాయనమ్మ