గుడ్లతో మాట్లాడండి

ఏవండీ,

ఆసుపత్రిలో నర్సులు చాలట్లేదట, మళ్లీ పిలిచారు. వెళ్తున్నాను. కూర పొయ్యి మీదుంది, వేడి చేసుకోండి.

కోడిపిల్లలు ఇవాళో రేపో బయటికొస్తాయి. గుడ్లని ఇక తిప్పకండి. అట్టపెట్టెలో బల్బు ఆర్పకండి, గిన్నెలో నీళ్లు ఎండిపోనివ్వకండి. పెంకు పగిలినా చెయ్యి పెట్టొద్దు. పోయినసారి జాలిపడి ఒలిచారు, ఆ పిల్ల మీ అరచేతిలోనే పోయింది.

ఇంకో పని. మన కోడిపెట్టని కుక్క ఎత్తుకుపోకపోయుంటే, ఈపాటికి అది గుడ్లతో కొక్కొక్కొమని మాట్లాడుతూ ఉండేది. ఆ గొంతు వింటేనే లోపలి పిల్లలకి ధైర్యమని అత్తయ్య అనేవారు. అందుకని మీరే పెట్టె పక్కన కూర్చుని మాట్లాడండి. ఏం తోచకపోతే కరెంటు బిల్లు చదవండి.

అత్తయ్య పోయినప్పటి నుంచి మీరు నాతో "ఊఁ" తప్ప ఒక్క ముక్క అనలేదు. అడిగీ అడిగీ నాకూ ఓపిక పోయింది. ఏడుపు కూడా రావట్లేదు. నాతో వద్దులెండి, వాటితోనే మాట్లాడండి.

తాళంచెవి నా దగ్గరుంది, తలుపు తీయడానికి లేవక్కర్లేదు.

వచ్చినా వెంటనే లోపలికి రాను. కాసేపు గుమ్మం బయటే నిలబడి వింటాను.