సైప్రస్ చెట్ల కింద మారినెట్‌కి చోటు

లాంగ్‌డాక్ సీమ, సెవెన్న కొండల్లో ఫోంబెల్ కాపురస్తుణ్ణైన ఎలీ రువియేర్ అనే నేను, ఎనభై ఒకటో ఏట, ఒళ్ళు అలిసినా బుర్ర సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసిన వీలునామా. అక్షరాలు వంకరే. మాట వంకర కాదు.

1. ఇల్లు, మేకలు, చెస్ట్‌నట్ తోట మా అమ్మాయి లిదీకి. కాయలు ఎండేసే పొగగది కప్పు కారుతోంది. చలికి ముందే పలకలు మార్పించుకో తల్లీ.

2. వాళ్ళమ్మ మారినెట్ పట్టుపురుగు గుడ్లని రవికలో దాచి ఒంటివేడితో పొదిగించిన గుడ్డసంచి కూడా లిదీకే. గుడ్లు నలుగుతాయని ఆ పదిరోజులూ నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు.

3. సైప్రస్ చెట్ల కింద నేల నాకూ తమ్ముడు ఇసాక్‌కీ ఉమ్మడి. దాదాపు మూడొందల ఏళ్ళ కిందట కేథలిక్కు రాజుగారి సైనికులు మా ప్రొటెస్టెంట్ల గుళ్ళు కూల్చి, మా శవాలకి ఊరి శ్మశానంలో చోటు లేదన్ననాటి నుంచీ మావాళ్ళంతా అక్కడే ఉన్నారు. రాళ్ళు లేవు, పేర్లు లేవు, చెట్లే గుర్తు. మేమంటే ఆ నేలే.

మారినెట్ కేథలిక్కుల పిల్ల. మల్బరీ ఆకు కోతకొచ్చి నాతో ఉండిపోయింది. ఇరవై మూడేళ్ళ కిందట ఆమె పోయిననాడు ఇసాక్ దారికడ్డంగా నిలబడ్డాడు. "అన్నయ్యా, జపమాల తిప్పే మనిషిని తాతల పక్కన పెడతావా? లేచొస్తారు వాళ్ళు!" అన్నాడు. అందరూ తలలూపారు. నోరున్నవాణ్ణని పేరు పడ్డ నేను శవాన్ని వెనక్కి తిప్పాను. మాలో కలిసిందని వాళ్ళ ఫాదరూ ఆమెని వాళ్ళ శ్మశానంలో గోడవార మూలన పెట్టించాడు. రాజు మాకు చేసిందే మేం ఆమెకి చేశాం. మొన్న ఇసాక్ మొహం మీదే ఈ మాటన్నాను. తల దించుకుని చుట్ట వెలిగించుకున్నాడు.

4. కనుక మారినెట్ ఎముకలు తెచ్చి సైప్రస్‌ల కింద పెట్టాలి. పక్కన నన్ను. అనుమతి కాగితాలు లిదీ దగ్గరున్నాయి. జరిపించే భారమూ లిదీదే. గొయ్యి మాత్రం ఇసాకే తవ్వాలి, కూలివాడు కాదు. "నా నడుం వంగదన్నయ్యా" అంటున్నాడు. ఆనాడు అడ్డం నిలబడ్డప్పుడు బాగానే నిలిచింది. మెల్లగా తవ్వమనండి. నాకు తొందర లేదు.

5. తవ్వితే, సైనికుల కంటపడకుండా రొట్టెల పొయ్యిలో దాచిన మా ముత్తాతల బైబిలు ఇసాక్‌ది. తవ్వకపోతే అది లిదీది. నన్ను ఆ గోడవార మూలకే మోసుకెళ్ళండి. తాతలు ఇసాక్‌తో ఉంటారు. నేను మారినెట్‌తో ఉంటాను.

1961 అక్టోబరు 9, ఫోంబెల్.

చేవ్రాలు: ఎలీ రువియేర్

సాక్షులు: పాస్టరు సామ్యుయేల్ తెసియే, పోస్ట్‌మాన్ లియోన్స్ వాల్మాల్, కేథలిక్