పాప చెవిలో అమ్మ పేరు

తాడేపల్లిగూడెం, 2005, శనివారం

కొల్లేటి ఒడ్డున పుట్టిన మా అమ్మ చివరి రోజుల్లో కొరమీను పులుసు అడిగితే, మా తమ్ముడి భార్య, నా మరదలు ఒక్క ముక్కైనా ఎందుకు పెట్టలేదు? "ముసల్దానికి ఎంత జిహ్వో!" అంది. ఏడేళ్లయినా ఆ మాట మరవలేదు.

రేపు మరదలి కూతురికి బారసాల. మేనత్తగా చెవిలో పేరు చెప్పేది నేనే. ఇవాళ మరదలికి ఫోన్ చేసి, అమ్మ పేరే, వెంకటరత్నం అని పెడతానన్నాను.

"అంత పాత పేరెందుకు వదినగారూ? చిన్నదేదైనా చూడండీ."

"అత్తగారి పేరు నువ్వు పలకకూడదుగా అమ్మా. పిల్లని రోజూ అత్తయ్యగారూ అని పిలువు. తిట్టడం కూడా కుదరదు."

అమ్మని ఏనాడూ అలా పిలవని మనిషి ఠక్కున ఫోన్ పెట్టేసింది. నాకు కడుపు నిండింది.

కానీ మరదలు నా మీది కోపం పసిదాని మీద తీర్చుకుంటే? నాది అమ్మ మీద ప్రేమో, మరదలి మీద కసో... రేపు ఆ చెవిలో ఏ పేరు చెప్పాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.